హృదయ లయలో కాల్షియం

మనిషి చేతిని కదలకుండా నిలుపుకోగలడు, నడకను ఆపుకోగలడు, కొంతసేపు ఊపిరిని కూడ బిగబట్టగలడు. గుండెను మాత్రం ఒక్క క్షణం ఆగమని ఆజ్ఞాపించలేడు. నిమిషానికి 72 సార్లు చొప్పున స్పందించే గుండె ఒక్క దినంలో 1,03,680 సార్లు ముడుచుకొని, అన్నిసార్లూ తిరిగి విచ్చుకుంటుంది. ముడుచుకోవడాన్ని గురించి మనం తరచుగా మాట్లాడుకుంటాం. విచ్చుకోవడాన్ని గురించి ఆలోచించేవారు తక్కువ. హార్మోనులు గుండెమీద ఏ విధంగా పనిచేస్తాయో తెలుసుకోవాలంటే ఈ రెండవదాన్నే ముందుగా పట్టించుకోవాలి.

సిరిసిల్ల వీధులలో తిరిగినవారికి సాంచాల చప్పుడు పరిచితమే. మరమగ్గాన్ని అక్కడివారు సాంచా అంటారు. పడుగు దారాల నడుమ నాడె ఒక అంచునుండి మరొక అంచుకు దూసుకుపోతుంది. వెంటనే వెనుకకు వస్తుంది. పోయిన నాడె తిరిగి రాకపోతే బట్ట ఒక్క పోగు కూడ ముందుకు సాగదు. సాంచాను వేగంగా నడపదలచినవాడు నాడె పోయే వేగాన్ని మాత్రమే పెంచితే చాలదు, వచ్చే వేగాన్ని కూడ పెంచాలి. గుండె కండరంలోని ప్రతి కణంలోను ఇటువంటి రాకపోకలే జరుగుతుంటాయి. అక్కడ నాడె స్థానంలో ఉన్నది కాల్షియం.

కాల్షియం అనగానే మనకు ఎముకలు, దంతాలు, పాలు స్ఫురిస్తాయి. మన దేహంలోని కాల్షియంలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు ఎముకలలోను, దంతాలలోను ఉన్నమాట నిజమే. మిగిలిన ఆ ఒక్క పాలు లేకుండా గుండె కొట్టుకోలేదన్న సంగతి ఒక విచిత్రమైన సందర్భంలో బయటపడింది. 1882లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజి వైద్యశాల వైద్యుడు సిడ్నీ రింగర్ కప్ప గుండెను వెలుపలికి తీసి, కొన్ని లవణాలు కలిపిన నీటిలో ఉంచి పరిశీలిస్తున్నాడు. గుండె చక్కగా కొట్టుకుంటున్నది. ద్రావణాన్ని స్వేదనజలంతో తయారు చేసినట్లు ఆయన భావించాడు. తీరా విచారిస్తే సహాయకుడు కుళాయి నీటిని వాడినట్లు తేలింది. నిజంగా స్వేదనజలంతో తయారు చేసి చూడగా గుండె క్రమంగా బలహీనపడి నిలిచిపోయింది. కుళాయి నీటిలో ఉండి స్వేదనజలంలో లేనిదేమిటని వెతికి, అది కాల్షియమని రింగర్ నిర్ధారించి 1883లో ప్రకటించాడు. లండన్ నగరపు నీరు సున్నపు నీరు కాకపోయి ఉంటే ఈ సత్యం మరికొంత కాలం మరుగున పడి ఉండేదేమో!

ఈ ప్రయోగం మరొక విషయాన్ని కూడ తెలుపుతున్నది. దేహంనుండి వేరుచేసిన గుండె నరాల సహాయం లేకుండా, రక్తంలోని హార్మోనుల సహాయం లేకుండా, తనంతట తాను కొట్టుకోగలదు. మన గుండెలో కుడి కర్ణిక గోడలో ఉన్న సిరాకర్ణికా కణుపు అనే లయారంభకం విద్యుత్ ప్రేరణలను పుట్టిస్తుంది. కనుక స్పందనను ప్రారంభించేది హార్మోను కాదు. స్పందన ఎంత బలంగా ఉండాలి, ఎంత త్వరగా ముగియాలి, తరువాతి స్పందన ఎంత తొందరగా రావాలి అన్న విషయాలను మాత్రమే హార్మోనులు నిర్ణయిస్తాయి.

ఇక కణంలోపలికి ప్రవేశిద్దాం. విశ్రాంతిలో ఉన్న హృత్కండర కణం వెలుపల ఉన్న కాల్షియం గాఢతతో పోల్చితే, లోపల ఉన్నది దాదాపు పదివేల వంతుల్లో ఒక వంతు మాత్రమే. అంత తేడాను నిలుపుకోవడానికి కణం నిరంతరం శ్రమిస్తుంది. విద్యుత్ ప్రేరణ రాగానే కణత్వచంలోని కాల్షియం ద్వారాలు తెరుచుకొని కొద్దిపాటి కాల్షియం లోనికి వస్తుంది. ఈ కొద్దిపాటి కాల్షియం కండరాన్ని ముడవడానికి చాలదు. అయితే కణంలోపల అంతర్జీవద్రవ్యజాలం అనే సంచుల అమరిక ఉంది. అది కాల్షియం గిడ్డంగి. వెలుపలినుండి వచ్చిన కొద్ది కాల్షియం ఆ గిడ్డంగి తలుపు తట్టుతుంది. తలుపులు తెరుచుకొని, పెద్దమొత్తంలో కాల్షియం కణద్రవంలోనికి వెల్లువెత్తుతుంది. క్షణమాత్రంలో లోపలి గాఢత సుమారు పదిరెట్లు పెరుగుతుంది. ఆ కాల్షియం ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌ను అంటుకుంటుంది. ట్రోపోనిన్‌ను 1960లలో వెలుగులోనికి తెచ్చినవాడు జపాను శాస్త్రజ్ఞుడు సెత్సురో ఎబాషి. అంతవరకు ఒకదానినొకటి తాకకుండా ఉన్న ఆక్టిన్, మయోసిన్ పోగులు ఇప్పుడు పట్టుకొని జారతాయి, కణం ముడుచుకుంటుంది. కోట్లాది కణాలు ఒక్కసారిగా ముడుచుకొనగా రక్తం ధమనులలోనికి చిమ్ముతుంది.

సంకోచం ఇక్కడితో పూర్తి అయింది. కాల్షియం ఇంకా కణద్రవంలోనే ఉన్నది. అది అక్కడే నిలిచిపోతే గుండె బిగించిన పిడికిలివలె ఉండిపోతుంది. మరల రక్తం నింపుకోలేదు. అందువలన కాల్షియంను వెనుకకు తోడిపోసే పంపు ఒకటి గిడ్డంగి గోడలో ఉన్నది. దానిని సెర్కా అంటారు. మన గుండెలో ప్రతి స్పందనకు వచ్చిన కాల్షియంలో నూటికి డెబ్బై పాళ్ల వరకు ఈ పంపే గిడ్డంగికి చేరుస్తుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగాన్ని సోడియంతో మార్పిడి చేసుకొనే మరొక ప్రోటీన్ కణం వెలుపలికి పంపుతుంది. తక్కువగా ఉన్నచోటినుండి ఎక్కువగా ఉన్నచోటికి తోడటమంటే పల్లంనుండి మిట్టకు నీరు పారించడం వంటిది. దానికి శక్తి కావాలి. అనగా గుండె బిగుసుకోవడానికే కాదు, సడలడానికి కూడ శక్తిని ఖర్చు చేస్తుంది. విశ్రాంతి ఊరికే లభించదని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

ఆ శక్తి ఎక్కడినుండి వస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెతికినవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు రాజమండ్రిలో చదివి, మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్వాతంత్ర్యోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్లడం ఆచార్యునికి కంటగింపయిందనీ, అందువలన ఆయనకు పూర్తి వైద్యపట్టం కాక ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టం దక్కిందనీ ఆయన జీవితచరిత్ర రాసినవారు చెబుతారు. మామగారి తోడ్పాటుతోను, విరాళాలతోను 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. వైద్యశాలలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూ చదువుకొని, హార్వర్డ్ వైద్య విద్యాలయంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని ప్రయోగశాలలో పరిశోధనకు పూనుకున్నారు.

వారు మొదట చేపట్టిన పని చూడటానికి చిన్నది: రక్తంలో, మూత్రంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో కొలవడం. ఫాస్ఫేటు ఉన్నచోట ద్రావణం నీలిరంగుకు మారేటట్లు, ఆ రంగు చిక్కదనాన్నిబట్టి పరిమాణం తెలిసేటట్లు ఒక పద్ధతిని రూపొందించి 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచ ప్రయోగశాలలలో దశాబ్దాలపాటు వాడుకలో ఉంది. ఇదే పద్ధతితో కండరపు రసాన్ని పరీక్షిస్తుండగా రంగు రావలసినంత త్వరగా రాక, నిదానంగా చిక్కబడటం వారు గమనించారు. సామాన్యుడైతే మందు పాడయిందని పారబోసి ఉండేవాడు. వారు అలా చేయలేదు. ఏదో ఒక బలహీనమైన ఫాస్ఫేటు సమ్మేళనం నెమ్మదిగా విడిపోతూ ఫాస్ఫేటును విడుదల చేస్తున్నదని ఊహించి, దానిని పట్టుకున్నారు. అదే ఫాస్ఫోక్రియేటిన్. 1927లో ఈ ఫలితం ప్రకటితమైంది. కండరం పనిచేసినప్పుడు ఇది తరుగుతుంది, విశ్రాంతిలో మరల నిండుతుంది. అప్పటివరకు కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని భావించేవారు. కండర పరిశోధనలకుగాను ఆర్కిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి కూడ లభించి ఉన్నది. ఆ భావన బోస్టన్ నీలిరంగు ముందు నిలువలేకపోయింది. 1929లో ఫిస్క్, సుబ్బారావులు అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అనగా ఏ.టి.పి.ని కండరంనుండి వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. మయోసిన్ పోగు జారడానికి, సెర్కా పంపు కాల్షియంను తోడటానికి ఖర్చయ్యే పదార్థం ఈ ఏ.టి.పి.యే.

సుబ్బారావు ఆ తరువాత లెడర్లీ ఔషధ సంస్థలో చేరి ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్, క్యాన్సర్‌కు తొలి మందులు, ఆరియోమైసిన్ మొదలైన వాటి వెనుక నిలిచారు. తెలుగు పాఠ్యపుస్తకాలు ఆ మందుల జాబితాతోనే ఆయన కథను ముగించడం పరిపాటి. నా దృష్టిలో ఆయన తొలినాటి నీలిరంగు కూడ వాటికి తీసిపోదు. అది మన కథలో మరల కనిపిస్తుంది.

ఇప్పుడు హార్మోనుల సంగతికి వద్దాం. మూత్రపిండాల పైభాగాన టోపీలవలె కూర్చున్న అధివృక్క గ్రంథుల సారాన్ని జంతువుకు ఎక్కిస్తే రక్తపీడనం, గుండె వేగం అమితంగా పెరుగుతాయని 1894లో ఇంగ్లండులో జార్జ్ ఆలివర్, ఎడ్వర్డ్ షాఫర్‌లు చూపించారు. 1901 నాటికి జపాను రసాయనజ్ఞుడు జోకిచి తకమినె ఆ సారంనుండి అడ్రినలిన్‌ను శుద్ధమైన స్ఫటికాలుగా వేరుచేశాడు. కణత్వచాన్ని దాటి లోపలికి పోలేని ఈ హార్మోను, కణం లోపలి వ్యవహారాలను ఎలా మార్చగలుగుతున్నదన్న చిక్కుముడి మాత్రం అర్ధశతాబ్దంపాటు అలాగే ఉండిపోయింది. దానిని విప్పినవాడు అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఎర్ల్ సదర్లాండ్. ఆయన గుండెమీద కాక కాలేయంమీద పనిచేస్తూ, 1950ల చివరిభాగంలో చక్రీయ ఏ.ఎం.పి. అనే చిన్న అణువును గుర్తించాడు. హార్మోను గడపదగ్గరకు వచ్చి కబురు చెబుతుంది. ఆ కబురును ఇంట్లో అందరికి చేరవేసేది చక్రీయ ఏ.ఎం.పి. దీనిని రెండవ వార్తాహరి అంటారు. సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి లభించింది. ఈ రెండవ వార్తాహరిని కణం దేనినుండి తయారు చేస్తుంది? ఏ.టి.పి. నుండి! గుండె కండరానికి ఇంధనమైనదే, దానికి ఆజ్ఞలు మోసే దూత కూడ అవుతున్నది.

జగిత్యాల సమీపంలోని చల్‌గల్ మామిడి మార్కెట్టులో వేసవి మధ్యాహ్నం ఒక హమాలీ పండ్ల పెట్టెలను లారీలోనికి ఎక్కిస్తున్నాడనుకుందాం. అతని కండరాలకు ప్రాణవాయువు అధికంగా కావాలి. గుండె నాడుల చివరలనుండి నార్ అడ్రినలిన్, అధివృక్క గ్రంథులనుండి అడ్రినలిన్ విడుదలవుతాయి. అవి హృత్కండర కణంమీది బీటా గ్రాహకాలను తాకుతాయి. లోపల చక్రీయ ఏ.ఎం.పి. పెరుగుతుంది. అది ప్రోటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైమ్‌ను మేల్కొల్పుతుంది. ఆ ఎంజైమ్ చేసే పని ఒక్కటే: ఏ.టి.పి. నుండి ఒక ఫాస్ఫేటును తీసి, ఎంపిక చేసిన ప్రోటీన్‌లకు అంటించడం. ఫిస్క్, సుబ్బారావులు కొలిచిన ఆ ఫాస్ఫేటే ఇక్కడ ముద్ర వలె పనిచేస్తుంది.

ఆ ముద్ర ఎక్కడెక్కడ పడుతుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1970ల నడుమ ఆర్నాల్డ్ కాట్జ్, మిచిహికో తాదాలు సెర్కా పంపు పక్కనే ఉండే ఒక చిన్న ప్రోటీన్‌ను కనుగొని, ఫాస్ఫేటును స్వీకరించేది అన్న అర్థంలో ఫాస్ఫోలాంబాన్ అని పేరు పెట్టారు. మామూలు వేళలలో ఇది పంపును అదిమిపట్టి దాని వేగాన్ని తగ్గిస్తుంది. అనగా ఇది ఒక బ్రేకు. అడ్రినలిన్ కబురు అందగానే దీనిపై ఫాస్ఫేటు పడుతుంది, పట్టు సడలుతుంది, పంపు వేగంగా కాల్షియంను వెనుకకు తోడుతుంది. కణత్వచంలోని కాల్షియం ద్వారాలవద్ద ఏమి జరుగుతుందన్నది ఇంకా చాలాకాలం వివాదంగానే ఉండిపోయింది. ద్వారానికే ఫాస్ఫేటు అంటుకుంటుందని తలచి దశాబ్దాలపాటు వెతికారు. 2020లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, ద్వారం పక్కన కాపలాగా ఉండే రాడ్ అనే ప్రోటీన్‌పై ఫాస్ఫేటు పడుతుందనీ, అప్పుడది పక్కకు తొలగి ద్వారాలు విరివిగా తెరుచుకుంటాయనీ చూపారు. అక్కడ కూడ ఉన్నది బ్రేకే! అడ్రినలిన్ గుండెను కొరడాతో అదిలిస్తుందని మనం ఊహిస్తాం. గుండె కణంలో అది ప్రధానంగా చేసేది పట్టుకొని ఉన్న పగ్గాలను వదలడం.

ఈ రెండు పగ్గాలు ఒకేసారి సడలడం ఎందుకు అవసరమో చిన్న లెక్క వేసి చూడవచ్చు. నిమిషానికి 72 సార్లు కొట్టుకొనే గుండెకు ఒక్కొక్క ఆవృత్తికి సుమారు 0.8 సెకను దొరుకుతుంది. అందులో 0.3 సెకను సంకోచానికి పోగా, 0.5 సెకను సడలడానికి, రక్తం నింపుకోవడానికి మిగులుతుంది. హమాలీ గుండె 150కి చేరినప్పుడు ఆవృత్తికి దొరికేది 0.4 సెకను మాత్రమే. సంకోచం అప్పటికీ 0.3 సెకనే పట్టితే మిగిలేది 0.1 సెకను. ఆ వ్యవధిలో జఠరిక నిండదు. నిండని గుండె ఎంత గట్టిగా పిండినా ప్రయోజనం శూన్యం. పైగా ఎడమ జఠరిక గోడకు కావలసిన రక్తం ఎక్కువగా ప్రవహించేది గుండె సడలి ఉన్న సమయంలోనే. కాబట్టి కాల్షియం ఎక్కువగా రావాలి, అంతకంటె త్వరగా పోవాలి. పంపును వేగవంతం చేయడంతోబాటు, ట్రోపోనిన్ కాల్షియంను త్వరగా వదిలేటట్లు కూడ అడ్రినలిన్ చేస్తుంది. త్వరగా గిడ్డంగి చేరిన కాల్షియం తరువాతి స్పందనకు అధికంగా సిద్ధంగా ఉంటుంది. సంకోచం మరింత బలపడుతుంది.

బ్రేకు అడ్డంకి కదా, దానిని పూర్తిగా తీసివేస్తే మేలు కాదా అన్న సందేహం కలుగవచ్చు. శాస్త్రజ్ఞులకు కూడ అదే సందేహం కలిగింది. 1994లో అమెరికాలోని సిన్సినాటిలో ఫాస్ఫోలాంబాన్ లేని ఎలుకలను పుట్టించారు. వాటి గుండెలు ఎల్లప్పుడు చురుకుగా సడలుతూ కనిపించాయి. అయితే అడ్రినలిన్ వంటి మందు ఇచ్చినప్పుడు వాటిలో అదనపు మార్పు అతి స్వల్పం. వదలడానికి పగ్గమే లేదు మరి. ఎలుకలకు ఇది హాని చేయలేదు. మనుషులలో మాత్రం కథ వేరుగా నడిచింది. జన్యులోపం వలన ఫాస్ఫోలాంబాన్ పూర్తిగా కొరవడిన తోబుట్టువులు తీవ్రమైన గుండె వైఫల్యానికి గురైనట్లు 2003లో వెల్లడైంది. ఎలుక గుండె నిమిషానికి ఐదారు వందలసార్లు కొట్టుకుంటుంది. దానికి పగ్గంతో పని తక్కువ. మన గుండెకు అవసరమైనప్పుడు పెంచుకోవడానికి కొంత శక్తిని నిలువ ఉంచుకోవాలి. ఎలుకకు సరిపడినది మనిషికి సరిపడుతుందని తొందరపడి చెప్పకూడదనడానికి ఇది మంచి నిదర్శనం.

ఈ మార్పులకు నరాలే కారణమా, రక్తంలోని హార్మోను కూడ కారణమా? దీనికి జవాబు గుండె మార్పిడి చేయించుకున్నవారిలో లభిస్తుంది. మన దేశంలో విజయవంతమైన తొలి గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న న్యూఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో జరిగింది. చేసినది రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్. మార్పిడిలో రక్తనాళాలను కలుపుతారు. తెగిన నరాలను కుట్టి అతికించరు. నరాల పొత్తు లేని ఆ గుండె, మనిషి మెట్లు ఎక్కడం మొదలుపెట్టగానే వేగం పుంజుకోదు. కొన్ని నిమిషాలు గడిచాక నెమ్మదిగా పుంజుకుంటుంది. మెట్లు ఎక్కడం ఆపిన తరువాత కూడ కొంతసేపు అదే వేగంతో కొట్టుకుంటుంది. అధివృక్క గ్రంథినుండి బయలుదేరిన అడ్రినలిన్ రక్తంతోపాటు ప్రయాణించి గుండెను చేరడానికి, మరల రక్తంనుండి తొలగడానికి పట్టే కాలమది. అందువలన అటువంటివారిని వ్యాయామానికి ముందు నిదానంగా నడవమని, తరువాత కూడ ఒక్కసారిగా ఆగవద్దని వైద్యులు సూచిస్తారు.

అడ్రినలిన్ క్షణాలలో పనిచేసే హార్మోను. అవటు గ్రంథి స్రవించే థైరాయిడ్ హార్మోను పని తీరు దీనికి పూర్తిగా భిన్నం. ఇది గడపవద్ద ఆగదు. కణంలోనికి, కేంద్రకంలోనికి ప్రవేశించి జన్యువులకే ఆజ్ఞలు జారీ చేస్తుంది. సెర్కా పంపులు ఎక్కువగా తయారుకావాలనీ, ఫాస్ఫోలాంబాన్ తక్కువగా తయారుకావాలనీ దాని ఆదేశం. అడ్రినలిన్ పగ్గం వదిలితే, థైరాయిడ్ హార్మోను పగ్గాల సంఖ్యనే తగ్గిస్తుందన్నమాట. దీనికి రోజులు, వారాలు పడుతుంది. ఈ హార్మోను మితిమీరినవారు కూర్చున్నచోటనే గుండెదడతో బాధపడతారు, చేతులు వణుకుతాయి, తిన్నా చిక్కిపోతారు. వృద్ధులలో కర్ణికల లయ చెదరిపోవడం కూడ కద్దు. కొరవడినవారిలో నాడి మందగిస్తుంది; గుండె సంకోచంకంటె ముందుగా సడలిక దెబ్బతింటుంది. చీలమండ వెనుక స్నాయువుమీద చిన్న సుత్తితో తట్టినప్పుడు పాదం వెంటనే కదిలినా, యథాస్థానానికి నిదానంగా చేరుకోవడాన్ని వైద్యులు ఈ వ్యాధికి గుర్తుగా చూస్తారు. అది కాలి కండరమైనా కాల్షియం వెనుకకు పోవడంలోని ఆలస్యమే అక్కడ కూడ ముఖ్య కారణం. తగిన మాత్రలతో హార్మోను లోటు తీర్చితే గుండె సడలిక చాలావరకు బాగుపడుతుంది. ఈ హార్మోను తయారీకి అయోడిన్ అవసరం. మన దేశంలో గాయిటర్ నియంత్రణ కార్యక్రమం 1962లో ఆరంభమైంది. అయోడిన్ ఉప్పు ఇంటింటికి చేరడం వెనుక ఆ కార్యక్రమమే ఉన్నది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. పాలు ఎక్కువగా తాగితే గుండె కణాలలో కాల్షియం పెరుగుతుందని ఎవరైనా అనుకుంటే అది సరికాదు. రక్తంలోని కాల్షియంను పార్శ్వావటు గ్రంథుల హార్మోను, విటమిన్-డి కలిసి 100 మిల్లీలీటర్లకు సుమారు 9 నుండి 10.5 మిల్లీగ్రాముల హద్దులలో కట్టడి చేస్తాయి. తక్కువైతే ఎముకలనుండి తీసి అయినా పూడుస్తాయి. ఆ కట్టడి తప్పినప్పుడు గుండె విద్యుత్ పటంలో మార్పులు కనిపించే మాట వాస్తవమే. స్పందన స్పందనకు కణంలో జరిగే రాకపోకలు మాత్రం వేరే వ్యవహారం.

గుండె వైఫల్యంలో ఈ విజ్ఞానమంతా ప్రాణావసరంగా మారుతుంది. గుండెపోటువలననో, చాలాకాలం అదుపుతప్పిన రక్తపోటువలననో బలహీనపడిన గుండె తగినంత రక్తాన్ని పంపలేదు. దేహం దానిని అపాయంగా భావించి అడ్రినలిన్, నార్ అడ్రినలిన్‌లను రాత్రింబవళ్లు కుమ్మరిస్తుంది. మొదట గుండె కొంత పుంజుకుంటుంది. నెలల తరబడి అదే ధాటి సాగితే గ్రాహకాలు తగ్గిపోతాయి. సెర్కా పంపు మందగిస్తుంది. గిడ్డంగి సరిగా నిండదు. సడలవలసిన వేళకు కూడ కాల్షియం కణద్రవంలో మిగిలి ఉంటుంది. అలసిన ఎద్దును మరింత అదిలించినట్లవుతుంది.

అడ్రినలిన్ గ్రాహకాలు రెండు తెగలని, గుండెమీద ఉన్నవి బీటా తెగకు చెందినవని అమెరికాలో రేమండ్ అల్‌క్విస్ట్ 1948లో ప్రతిపాదించాడు. సుబ్బారావు తన 53వ ఏట గుండెపోటుతో మరణించింది ఆ సంవత్సరం ఆగస్టులోనే. అల్‌క్విస్ట్ ఊహను అప్పట్లో చాలామంది ఖాతరు చేయలేదు. దానిని ఆధారంగా చేసుకొని స్కాట్లండ్ శాస్త్రజ్ఞుడు జేమ్స్ బ్లాక్ బీటా గ్రాహకాలను మూసివేసే ప్రొప్రనొలాల్‌ను 1964లో వెలుగులోనికి తెచ్చాడు. ఆయనకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. గుండెనొప్పికి, రక్తపోటుకు అది ఉపకరించింది. గుండె బలహీనపడినవారికి మాత్రం దానిని ఇవ్వరాదని వైద్యగ్రంథాలు ఖండితంగా చెప్పేవి. బలహీనమైన గుండెకు ఉన్న ఒక్క ఆసరాను తీసివేయడం అవివేకమని అందరూ భావించారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టైన్, ఆయన సహచరులు ధైర్యం చేసి కొద్దిమంది రోగులకు ఈ తెగ మందును అతి తక్కువ మోతాదులో ఇచ్చి, మేలు కనిపించిందని 1975లో ప్రకటించారు. నమ్మినవారు బహు స్వల్పం. 1999లో వెలువడిన రెండు పెద్ద పరీక్షలలో ఈ మందులు మరణాలను దాదాపు మూడోవంతు తగ్గించినట్లు తేలిన తరువాతనే వైద్యలోకం మారింది. నిషిద్ధమైన మందు ఇరవైనాలుగేళ్లలో ప్రధాన చికిత్సగా నిలిచింది. మోతాదు మాత్రం మొదట అతి స్వల్పంగా ప్రారంభించి వారాల తరబడి నెమ్మదిగా పెంచాలి. వాడుతున్న మందును రోగి తనంతట తాను హఠాత్తుగా ఆపకూడదు.

కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలలో వేలాది స్త్రీలు తునికాకులో పొగాకు నింపి బీడీలు చుట్టి సంసారాలు ఈదుతున్నారు. వారి శ్రమను గురించి చెప్పవలసింది వేరే ఉన్నది. ఇక్కడ ప్రస్తావన ఆ బీడీని వెలిగించినవానిది. పొగలోని నికోటిన్ నాడులను, అధివృక్క గ్రంథులను ప్రేరేపించి అడ్రినలిన్, నార్ అడ్రినలిన్‌లను రక్తంలోనికి వదిలిస్తుంది. చల్‌గల్ హమాలీ గుండెలో బరువు మోసినప్పుడు జరిగిన మార్పులే, ఏ బరువూ మోయకుండా అరుగుమీద కూర్చున్నవాని గుండెలో కూడ జరుగుతాయి. ద్వారాలు తెరుచుకుంటాయి, పంపులు పరుగెత్తుతాయి, ఏ.టి.పి. ఖర్చవుతుంది, దేహానికి దానితో పని మాత్రం లేదు. అదే పొగ గుండెకు రక్తం తెచ్చే నాళాలను కుంచింపజేస్తుంది. ఖర్చు పెరిగిన వేళకే రాబడి తగ్గుతుందన్నమాట.

ఇంతవరకు గుండెను హార్మోనుల ఆజ్ఞలకు లోబడిన అవయవంగానే చూశాం. 1981లో కెనడాలో అడాల్ఫో డి బోల్డ్, ఆయన సహచరులు ఎలుక కర్ణికల సారాన్ని వేరొక ఎలుకకు ఎక్కించగా, అది విపరీతంగా ఉప్పును, నీటిని మూత్రంలో విసర్జించింది. కర్ణికల కణాలలో చాలాకాలంగా సూక్ష్మదర్శినిలో కనిపిస్తూ వచ్చిన రేణువులు ఏమిటో అప్పుడు బోధపడింది. గుండె కూడ ఒక వినాళ గ్రంథియే. రక్తం అధికమై గోడలు సాగినప్పుడు అది తన స్వంత హార్మోనులను విడుదల చేసి, మూత్రపిండాలతో భారం తగ్గించుకుంటుంది. బలహీనపడిన గుండె ఈ హార్మోనులను మరింత అధికంగా స్రవిస్తుంది. ఆయాసంతో వైద్యశాలకు వచ్చిన రోగికి ఊపిరితిత్తుల జబ్బు ఉన్నదా, గుండె వైఫల్యం ఉన్నదా అన్న సందేహం తలెత్తినప్పుడు, నేడు ఒక చిన్న సీసాలో రక్తం తీసి ఆ హార్మోను పరిమాణాన్నే కొలుస్తున్నారు.